టర్న్‌టేబుల్ తగిలించేది ఆక్స్‌లో కాదు, ఫోనోలో

(తెర మీద: నల్ల రాతి పలక మీద టర్న్‌టేబుల్, పక్కన ఆంప్లిఫైయర్)

నమస్కారమండీ. ఇది ఒంగోల్లో మా హాలు. టర్న్‌టేబుల్ కింద కనపడేది చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్, వంటింటి గట్టు వేయించినప్పుడు మిగిలిన ముక్క. దాని సంగతి చివర్లో చెప్తాను.

అటక మీద రికార్డులు దించి, టర్న్‌టేబుల్ కొనుక్కొచ్చి, ఇంట్లో ఉన్న ఆంప్లిఫైయర్‌కి తగిలిస్తారు. పాట వినపడీ వినపడనట్టు వస్తుంది. నాకూ ఇదే జరిగింది. మా నాన్న దాచుకున్న రికార్డు వేస్తే పక్కింట్లో మోగుతున్నట్టుంది. వాల్యూమ్ చివరిదాకా తిప్పినా అంతే. షాపులో ముల్లు అరిగిందన్నారు. కొత్తది వేయించాను, డబ్బులు పోయాయి, పాట మాత్రం అలాగే ఉంది. ముల్లు బాగానే ఉందండీ. నేను వైరు గుచ్చిన చోటే తప్పు.

(దగ్గరగా: ఆంప్లిఫైయర్ వెనక భాగం)

ఇక్కడ చూడండి. ఇవి వైర్లు గుచ్చే సాకెట్లు: ఆక్స్, సీడీ, ట్యూనర్. నేను గుచ్చింది ఆక్స్‌లో. ఓ పక్కగా ఫోనో, టర్న్‌టేబుల్ కోసం పెట్టింది. మనకు కావాల్సింది ఇదే.

ముల్లు గాడిలో ఊగుతుంటే, దానికి అంటుకుని ఉన్న బుల్లి అయస్కాంతం తీగచుట్టల మధ్య కదిలి కరెంటు పుట్టిస్తుంది. ముల్లు, అయస్కాంతం, తీగచుట్టలు ఉన్న ఈ చిన్న భాగాన్ని మూవింగ్ మాగ్నెట్ కార్ట్‌రిడ్జ్ అంటారు. ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది ఇదే. దాన్నుంచి వచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ 2 వోల్టుల దాకా ఇస్తుంది. అంత తేడా ఉంటే ఆక్స్‌లో ఏం వినపడుతుంది చెప్పండి.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. మృదంగం, తబలా లాంటి లోతైన మోతను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి వెడల్పయిపోయి, రికార్డు మీద పట్టే పాటలు తగ్గిపోతాయి. అందుకని ఆ మోత తగ్గించి చెక్కుతారు. సన్నటి స్వరాలను పెంచి చెక్కుతారు, వినేటప్పుడు వాటిని మళ్లీ తగ్గిస్తే రికార్డు గరగర కూడా తగ్గుతుందని. 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే పెంపు. 1954లో ఖరారైన ఈ కొలతకు అమెరికా రికార్డు కంపెనీల సంఘం పేరు మీద ఆర్‌ఐఏఏ అని పేరు. ఫోనో లోపలి సర్క్యూట్ దీన్ని తిరగేసి, మృదంగాన్ని మళ్లీ మృదంగంలా వినిపిస్తుంది. ఆక్స్‌లో పెట్టి ఎంత సౌండ్ పెంచినా ఆ బరువు రాదు.

మీ ఆంప్లిఫైయర్‌కి ఫోనో లేకపోతే ఫోనో ప్రీఆంప్ అనే చిన్న పెట్టె దొరుకుతుంది. టర్న్‌టేబుల్ నుంచి దాంట్లోకి, దాంట్లోంచి ఆక్స్‌లోకి. కొన్ని టర్న్‌టేబుల్స్‌లో అది లోపలే ఉంటుంది, వెనక ఫోనో, లైన్ అని స్విచ్ ఉంటుంది. స్విచ్ లైన్ మీద పెట్టి ఫోనోలో మాత్రం గుచ్చకండి, పాట చిరిగిపోతుంది. అయస్కాంతం బదులు సిరామిక్ ముక్కతో కరెంటు పుట్టించే సిరామిక్ కార్ట్‌రిడ్జ్ ఉన్న పాతకాలం ప్లేయర్లకు ఇదంతా అక్కర్లేదు, ఆక్స్ చాలు.

(దగ్గరగా: వేళ్ల మధ్య సన్న తీగ)

ముందు రెండిటికీ పవర్ తీసేయండి. ఎర్ర పిన్ను కుడి, తెల్లది ఎడమ. ఇప్పుడు ఈ తీగ. చివర రెండు కాళ్ల క్లిప్ ఉంది, చూశారా? చాలామంది దీన్ని పనికిరాని వైరనుకొని వెనక్కి మడిచేస్తారు. ఇది గ్రౌండ్ తీగ. ఫోనో పక్కన జీఎన్‌డీ అని రాసిన మర ఉంటుంది. దాన్ని వదులు చేసి, క్లిప్ కిందికి తోసి, బిగించండి.

(మర వదులు చేస్తారు: గుయ్‌మని మోత. బిగిస్తారు: మోత ఆగుతుంది)

విన్నారుగా. 50 హెర్ట్జ్ కరెంటు మోత అది. మర బిగించినా వస్తుంటే పిన్నులు చూడండి. మాకు కొత్తపట్నం సముద్రం దగ్గరే, ఉప్పుగాలికి పిన్నులు మసకబారతాయి. నేను అప్పుడప్పుడూ తీసి పొడిగుడ్డతో తుడుస్తాను. సిగ్నల్ వైర్లు పవర్ కేబుల్‌కి, ఆంప్లిఫైయర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉండాలి.

ఇక గ్రానైట్. మా పిల్లలు హాల్లో పరుగెత్తితే ముల్లు ఎగిరేది. పలక కింద నాలుగు మూలలా రబ్బరు ముక్కలు పెట్టాక ఎగరడం లేదు. రబ్బరు లేకుండా రాయి ఒక్కటే పెడితే లాభం లేదు. స్పీకర్లను మాత్రం అదే బల్ల మీద పెట్టకండి, వాటి అదురు ముల్లుకి ఎక్కుతుంది.

(ముల్లు నెమ్మదిగా గాడిలోకి దిగుతుంది)

ఇది నాన్న రికార్డే. మృదంగం వినండి.