భయం పిల్లి ఇంటికొచ్చిందా? ఏది కొనాలె, ఏది వద్దు

నమస్తే అందరికి. పిల్లిని దత్తత తెచ్చుకున్నరు, అదేమో వచ్చినకాన్నుంచి బీరువా కింద దూరి బయటికొస్తలేదు. ఆన్‌లైన్‌ల చూస్తే పరుపు, బొమ్మ, ఎక్కే స్టాండు అని ఏవేవో అంటగడ్తరు. ఇయ్యాల టేబుల్ మీద క్యారియర్ (పిల్లిని మోస్కపోయే డబ్బా), లిట్టర్ (పిల్లి దొడ్డికి ట్రేల పోసే మట్టి), ఫెరోమోన్ డిఫ్యూజర్ (బెదురు తగ్గిస్తదని చెప్పే, పిల్లులకే తెలిసే వాసన వదిలే కరెంటు ప్లగ్గు) పెట్టినం. పక్కన కిరాణ దుకాణంల అడిగి తెచ్చిన అట్టపెట్టె. ముందే చెప్తున్న, మార్కులన్నీ అట్టపెట్టెకే.

బెదిరిన పిల్లికి ముందుగాల కావాల్సింది దాక్కునే జాగ. 2014ల నెదర్లాండ్స్‌ల ఒక షెల్టర్‌కు (దిక్కులేని జంతువులను ఉంచే చోటుకు) కొత్తగ వచ్చిన 19 పిల్లుల మీద పరిశోధన చేసిండ్రు. పెట్టె దొరికినవాటికి మూడు నాలుగు రోజులకే బెదురు తగ్గింది. పెట్టె లేనివి కూడ కుదురుకున్నయి గని, వాటికి రెండు వారాల దాకా పట్టింది.

జర దగ్గరికెళ్లి చూడుండ్రి. పిల్లి లోపల మర్రి కూసునేంత పెట్టె. అటొకటి ఇటొకటి రెండు దారులు, 15 నుంచి 18 సెంటీమీటర్లు. ఒక్కటే దారి కోస్తరు చాలామంది, గక్కడ్నే తప్పైతది. ఆ దారిలకెళ్లి చెయ్యి పెడితే పిల్లికి పోనీకి ఇంకో తొవ్వ ఉండదు, అందుకే రక్కుతది. అట్టకున్న స్టేపుల్ పిన్నులు పీకేయుండ్రి. లోపల పాత నూలు బట్ట ఎయ్యుండ్రి, మొదటి వారం దాన్ని ఉతకకుండ్రి. దాని వాసన దానికి తగుల్తుంటెనే ఇది నా జాగ అనుకుంటది. పిల్లిని తెచ్చే ముందే బీరువా కింది సందు మూసెయ్యాలె, లేకుంటె పెట్టె దిక్కు చూడనే చూడదు. మొదట దాన్ని ఒక్క రూంలనే ఉంచాలె. రేకుల ఇల్లైతే నీడ పట్టున, గాలాడే రూం ఎంచుకోండ్రి. కూలర్ ముందట మాత్రం పెట్టెను పెట్టొద్దు, ఆ మోతకే బెదురుతది.

ఇగ క్యారియర్. గట్టి ప్లాస్టిక్‌ది, పై మూత ఊడొచ్చేది కొనుండ్రి. దవాఖానల మూత తీస్తే చాలు, కింది సగంల కూసున్నట్టే డాక్టర్ చూస్తరు, గుంజాల్సిన పని లేదు. జిప్పు సంచులు వద్దు. హైదరాబాద్ నుంచి నల్లగొండకైనా పాలమూరుకైనా వంద కిలోమీటర్ల దాకా ఉంటది, అంతసేపు లోపల్నుంచి గోరుతో గీకి జిప్పు జరుపుకుంటయి.

లిట్టర్ల ఎక్కువ డబ్బులు దండుగయ్యేది వాసన కాడ. లావెండర్, నిమ్మ అని ప్యాకెట్ మీద ఉంటె మనకు బాగుంటది, దానికి నచ్చదు. ట్రే ఇడిసిపెట్టి మన పరుపు మీద పోస్తది. వాసన లేని, తడి తగిల్తె గడ్డకట్టే బెంటోనైట్ (ఒక రకం బంకమట్టి) లిట్టర్ తీసుకొని, 5 నుంచి 7 సెంటీమీటర్ల మందం పొయ్యుండ్రి. వీధిల పెరిగిన పిల్లైతే మొదట సగం లిట్టర్, సగం పొడి ఇసుక కలపుండ్రి, కాలుకు తెలిసిన మట్టి గద! పిల్లి కూనలు లిట్టర్‌ను తింటయి, వాటికి గడ్డకట్టనిదే పెట్టాలె. ట్రేకు అంగడిల దొరికే ప్లాస్టిక్ టబ్బు చాలు, పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలె. అన్నం గిన్నెకు దూరంగ పెట్టుండ్రి.

ఆ రూంల ఫినాయిల్‌తోని తుడవకుండ్రి. నీళ్లల్ల పోస్తే తెల్లగయ్యే మందులు కూడ వద్దు. వాటిల ఉండే ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగ అరగదీయలేదు. కాళ్లు నాక్కుంటె విషం లోపలికి పోతది. సబ్బు నీళ్లు చాలు.

డిఫ్యూజర్ ఒక్కటి 50 నుంచి 70 చదరపు మీటర్లకు, నెల దాకా వస్తది అంటరు. కరెంటు ఆగకుండ ఉండాలె, సోఫా ఎనక పెట్టొద్దు. ఎండకాలం కిటికీలు తీసి ఫ్యాన్ ఎయ్యంది ఉండలేం, ఆ గాలికి దాని వాసన నిలవదు కాబట్టి మన కాడ దాని వంతు ఆఖరికే. అన్నీ అయినంక పైసలు మిగిల్తె చూడుండ్రి.

తిండి మాట: పాత చోట ఏది తిన్నదో అదే పెట్టి, కొత్తది వారం పది రోజులల్ల కొంచెం కొంచెం కలపాలె. పాలు వద్దు, ఇరేచనాలైతయి. ఉడికిన కోడి ముక్క పెడ్తె ఉప్పు, ఉల్లి, ఎల్లిపాయ తగలొద్దు. 24 గంటలు ఏం ముట్టకుంటె డాక్టర్‌కు ఫోన్ చెయ్యుండ్రి, రెండు రోజులు పస్తుంటె కాలేయానికి కొవ్వు పట్టొచ్చు. మగ పిల్లి ట్రేల కూసుని ముక్కుతున్నా ఉచ్చ రాకుంటె తెల్లారేదాక ఆగకుండ్రి, అదే పూట తీస్కపోవాలె.

మీరు రూంల నేల మీద పక్కకు తిరిగి కూసున్నా అది తింటుందంటె, రెండో రూం తలుపు తీయొచ్చు. అంతకన్న ముందే కిటికీ గ్రిల్లుకు ఇనుప జాలి కొట్టించుండ్రి. నైలాన్ దోమల జాలిని గోరుతో చింపుతది, ఇగ గ్రిల్లు సందుల తల పట్టిందంటె ఒళ్లంత పడ్తది.