మ్యాచ్ ప్లేలో లెక్క ఎక్కడ ఆగాలి

సభకు నమస్కారం. రేపటి జూనియర్ గోల్ఫ్ మ్యాచ్ ప్లే పోటీలకు స్కోరర్లుగా నిలబడబోతున్న మిత్రులకు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు నా కృతజ్ఞతలు. నిబంధనలను క్లుప్తంగా వివరించమని అధ్యక్షులు ఆదేశించారు. వివరిస్తాను, కానీ చాలాకాలంగా నా మనసులో ఉన్న బాధ కూడా వాటితోపాటే వస్తుంది, మన్నించాలి.

టీవీలో మనం ఎక్కువగా చూసేది స్ట్రోక్ ప్లే. అందులో స్ట్రోకులన్నీ, అంటే బంతిని కొట్టిన దెబ్బలన్నీ కూడి, తక్కువ వచ్చినవారిని విజేత అంటారు. మ్యాచ్ ప్లేలో ఆ కూడికే లేదు. ఆటలోని పద్దెనిమిది హోల్స్‌లో, అంటే బంతిని రంధ్రంలో వేసి ముగించవలసిన అంచెలలో, ప్రతిదీ విడిగా ఒక పోటీ. తక్కువ స్ట్రోకులలో ముగించినవారు దాన్ని గెలుస్తారు, సమానమైతే ఆ హోల్ ఎవరి ఖాతాలోనూ పడదు. మీ అమ్మాయి నాలుగో హోల్‌లో 9 స్ట్రోకులు తీసుకొని, ఎదుటి అమ్మాయి 4తో ముగించినా, పోయేది ఒక్క హోలే తప్ప 5 స్ట్రోకులు కావు. కాబట్టి మీరు చూడవలసినవి రెండే: ఎవరు ఎన్ని హోల్స్ ముందున్నారు, ఇంకా ఎన్ని మిగిలాయి. ఆధిక్యం మిగిలిన హోల్స్‌తో సమానమైతే ముందున్నవారు ‘డోర్మీ’ అయ్యారంటారు. దాన్ని మించితే ఆట అక్కడికక్కడే ముగుస్తుంది. ‘3 అండ్ 2’ అంటే రెండు హోల్స్ మిగిలి ఉండగా మూడు హోల్స్ ఆధిక్యంతో గెలిచారని అర్థం. 2006లో టైగర్ వుడ్స్ స్టీఫెన్ ఏమ్స్‌ను 9 అండ్ 8 తేడాతో ఓడించినప్పుడు ఆట పదో హోల్ దగ్గరే ఆగిపోయింది.

ఇక నా బాధ చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పోటీలో 2 అండ్ 1తో గెలిచిన కుర్రవాణ్ణి, కార్డు నిండాలన్న ఒకే ఒక్క కారణంతో, పద్దెనిమిదో హోల్ కూడా ఆడించారు. అప్పటికే అలసిపోయిన ఆ పిల్లవాడు అక్కడ 8 తీసుకున్నాడు. ఇద్దరి మొత్తాలనూ నోటీసు బోర్డు మీద పెట్టేసరికి గెలిచినవాడి అంకె పెద్దదిగా కనబడింది. ఓడిన పిల్లవాడి తండ్రి నిర్వాహకులతో వాదనకు దిగాడు. గెలిచినవాడు కప్పు చేతిలో పట్టుకొని, ఎవరి ముఖమూ చూడలేక నిలబడ్డాడు. అమ్మలారా, అయ్యలారా, ఆ మొత్తానికి మ్యాచ్ ప్లేలో చోటే లేదు! పైగా ఎదుటివారు పట్‌ను, అంటే బంతిని రంధ్రంలోకి దొర్లించే దెబ్బను, వదిలేస్తే, అంటే కొట్టకుండానే పడినట్టు ఒప్పుకుంటే, ఆ బంతిని నిజంగా ఎన్నింటిలో వేసేవారో ఎవరికీ తెలియదు కదా.

వదిలేయడం అన్నాను కనుక అమెరికా, బ్రిటన్ జట్లు తలపడిన 1969 రైడర్ కప్ గురించి చెప్పక తప్పదు. ఇంగ్లండ్‌లోని రాయల్ బర్క్‌డేల్ మైదానంలో చివరి మ్యాచ్ చివరి గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) దగ్గరకు వచ్చేసరికి జట్లు రెండూ చెరి పదిహేనున్నర పాయింట్లతో ఉన్నాయి, అమెరికా ఆటగాడు జాక్ నిక్లస్, బ్రిటన్ ఆటగాడు టోనీ జాక్లిన్‌ల మ్యాచ్ కూడా సమానంగానే ఉంది. నిక్లస్ తన పట్ వేసి, రంధ్రంలోంచి బంతి తీసుకొని, రెండడుగుల దూరంలో జాక్లిన్ బంతి చోటును గుర్తుగా చూపుతున్న మార్కర్‌ను కూడా తానే ఎత్తి అతని చేతిలో పెట్టాడు, అంటే ఆ పట్‌ను వదిలేశాడు. ఆ మ్యాచ్‌కు చెరి అర పాయింటు, మొత్తం మీద 16–16; రైడర్ కప్ చరిత్రలో అదే తొలి సమం. కప్పు ముందటి విజేత అమెరికా దగ్గరే ఉండిపోయింది. తన కెప్టెన్ శామ్ స్నీడ్‌కు అది నచ్చకపోయినా, నిక్లస్ చేసినది నిబంధనలకు లోబడినదే, పైగా ఎంతో ఉదాత్తమైనది.

దానికి పూర్తిగా భిన్నమైనది అమెరికా, యూరప్ మహిళా జట్ల మధ్య 2015లో జర్మనీలో జరిగిన సోల్హైమ్ కప్. పదిహేడో గ్రీన్ మీద అమెరికా క్రీడాకారిణి అలిసన్ లీ తన పొట్టి పట్‌ను వదిలేశారనుకొని బంతి ఎత్తేసింది. వదలలేదని యూరప్ జట్టులోని ప్రత్యర్థి సుజాన్ పెటర్సన్ అనడంతో అమెరికా జంట ఆ హోల్‌ను, ఆ తర్వాత మ్యాచ్‌నూ కోల్పోయింది. పెటర్సన్ తర్వాత క్షమాపణ చెప్పింది. అక్కడ లోపించినది పైకి అనవలసిన ఒక్క మాట.

అందుకే తల్లిదండ్రులకు నా విన్నపం: పట్ వదిలేటప్పుడు ఎదుటివారికి వినబడేలా చెప్పమని, ఆ మాట వినబడేదాకా బంతి ఎత్తవద్దని ఈ రాత్రే పిల్లలకు చెప్పండి. ఒకసారి వదిలిన పట్‌ను వెనక్కి తీసుకోవడానికి గానీ, ఎదుటివారు వద్దనడానికి గానీ వీలులేదు. స్కోరర్లారా, మ్యాచ్ పదహారో హోల్ మీద ముగిస్తే చివరి రెండు గడులూ ఖాళీగా వదిలి, కార్డు మీద సంతకాలు చేయించి తీసుకురండి.