మూడో పిన్ను, ఆ ప్రీసెట్టు

శ్రీను: అందరికీ నమస్తే. ఇవాళ 16×2 ఎల్‌సీడీ కాంట్రాస్ట్. అంటే లైనుకి 16 అక్షరాలు, రెండు లైన్లు ఉండే చిన్న తెర. పోయిన ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగింది ఇదే. అక్కా, కానివ్వు.

పద్మ: సులువైన భాగం ముందు కానిచ్చేద్దాం. 10కే ప్రీసెట్ తీసుకోండి, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పే పదివేల ఓముల చిన్న రెసిస్టర్. ఒక చివర ఐదు వోల్టులకి, ఇంకో చివర గ్రౌండ్‌కి, మధ్య కాలు డిస్‌ప్లే మూడో పిన్నుకి. గ్రౌండ్ వైపు నుంచి మెల్లగా తిప్పుకుంటూ రండి. మామూలుగా అర వోల్టుకీ ఒక వోల్టుకీ మధ్య అక్షరాలు తేలతాయి.

శ్రీను: పై వరుసలో నల్ల గళ్ళే వస్తే?

పద్మ: మంచిదే. సప్లై ఉంది, కాంట్రాస్ట్ ఉంది. ప్రోగ్రాం నుంచి డిస్‌ప్లేకి ఇంకా ఆదేశాలు అందలేదు, అంతే. అసలేమీ కనబడనప్పుడే పిల్లలు బోర్డు పోయిందని పక్కన పడేస్తారు. ప్రీసెట్ తిప్పకుండా ఏ డిస్‌ప్లేనీ పారేయొద్దని నా క్లాసులో మొదటి రోజే చెబుతాను.

శ్రీను: నేనైతే ప్రీసెట్టే పెట్టను. వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ సగటు వోల్టేజీని మార్చే ఒక పీడబ్ల్యూఎం పిన్ను, ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్. విలువ ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో ఉంటుంది. మెనూలో మార్చుకుంటారు.

పద్మ: మొదలెట్టావా!

శ్రీను: ఎప్పట్నుంచో ఇదే చెబుతున్నా కదక్కా.

పద్మ: నాకిది చెప్పు. ఆ విలువ తప్పు పడిందనుకో, తెర ఖాళీ. సరిచేసే మెనూ ఆ ఖాళీ తెర మీదే ఉంది. ఎలా చూస్తారు?

శ్రీను: బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే పాత విలువకి వచ్చేస్తుంది.

పద్మ: ఆ సంగతి నీకు తెలుసు. పాల కేంద్రంలో ఉన్నాయనకి?

శ్రీను: వచ్చేసింది పాల కేంద్రం!

పద్మ: వస్తుంది మరి. రైతు పోసిన పాలలో ఫ్యాట్ ఎంతో, ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే కొవ్వు కాక మిగతా ఘనపదార్థం ఎంతో ఆ తెర మీదే పడుతుంది. డబ్బులు దాన్ని బట్టే. బల్లకి అవతల నిలబడ్డ రైతుకి ఆ అంకె కనబడాలా, వద్దా?

శ్రీను: కనబడాలి. కాదన్లేదు.

పద్మ: 1989లో వచ్చిన గేమ్‌బాయ్ చూడు, పక్కనే కాంట్రాస్ట్ చక్రం ఉండేది. పిల్లలు బొటనవేలితో తిప్పుకునేవాళ్ళు.

శ్రీను: హెచ్‌పీ 48 కాల్క్యులేటర్‌కి చక్రం లేదుగా. ఆన్ మీట నొక్కిపట్టి ప్లస్ కొడితే ముదురుతుంది, మైనస్ కొడితే పల్చబడుతుంది. అది సాఫ్ట్‌వేరే.

పద్మ: ఒప్పుకుంటా. తెర కనబడకపోయినా ఆ పని జరుగుతుంది. నా గొడవ మెనూతోనే.

శ్రీను: అసలు ఎన్నిసార్లు తిప్పుతారక్కా? తయారుచేసేటప్పుడు ఒకసారి సరిపెడితే చాలు.

పద్మ: చాలదు. రామగుండంలో మే నెల మధ్యాహ్నం అనుకో. వేడికి ద్రవ స్ఫటికం తక్కువ వోల్టేజీకే కదులుతుంది, వెలుగు రావాల్సిన చుక్కలు కూడా నల్లబడతాయి. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున అదే డిస్‌ప్లే పెట్టు. చలికి వోల్టేజీ ఎక్కువ కావాలి, అంకెలు పాలిపోతాయి. పాలు పోసేది ఆ వేళకే!

శ్రీను: థర్మిస్టర్ పెడతా. వేడిని పసిగట్టే రెసిస్టర్ అది.

పద్మ: పెట్టు, మంచి పని. మరి చూసే మనిషి ఎక్కడ నిలబడ్డాడో ఏ థర్మిస్టర్ చెబుతుంది? గడియారం అంకెల లెక్కన, ఆరు గంటల డిస్‌ప్లే కింది అంచు వైపు నుంచి బాగా కనబడుతుంది. పన్నెండు గంటలది పై అంచు వైపు నుంచి. కొనేటప్పుడు డేటాషీట్‌లో ఆ ఒక్క ముక్క చూడరు. తర్వాత అవతలివాళ్ళకి కనబడదు, ఎంత తిప్పినా.

శ్రీను: సరే, ఇది నేను చెప్పాలి. రెండు లైన్లు, లైనుకి ఎనిమిది చుక్కల వరుసలు, మొత్తం 16. ఒక్కో వరుసకి పదహారో వంతు సమయమే. ఆల్ట్, ప్లెష్కో అనే ఇద్దరు పరిశోధకులు 1974లో లెక్క తేల్చారు: 16 వరుసలకి, ఆన్ చుక్క మీద పడే ఆర్‌ఎంఎస్ వోల్టేజీ, అంటే మొత్తమ్మీద ప్రభావం చూపే వోల్టేజీ, ఆఫ్ చుక్క కంటే 1.29 రెట్లు మించదు. 64 వరుసలైతే 1.13. ప్రీసెట్ కాస్త తిప్పితే చాలు కాంట్రాస్ట్ మారిపోవడానికి కారణం అదే.

పద్మ: ఎంత బాగా చెప్పావురా! రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రుక్మాంగతన్ గారు ఒకేసారి కొన్ని వరుసల్ని నడిపే పద్ధతుల మీద పనిచేశారు. ఆయన పని మీద ఎపిసోడ్ చేద్దామన్నావు.

శ్రీను: చేద్దాం, తప్పకుండా. ఐదు వోల్టుల డిస్‌ప్లేని 3.3 వోల్టుల మీద నడపడం ఎలా అన్న ప్రశ్న మిగిలిపోయింది.

పద్మ: ఐదు వోల్టుల మాడ్యూల్‌ని 3.3 మీద నడిపితే, మూడో పిన్నుకి గ్రౌండ్ కంటే కిందకి, మైనస్ వోల్టేజీ కావాలి. ప్లస్ వోల్టేజీని మైనస్‌గా మార్చే 7660 చిప్ పెడితే వస్తుంది.

శ్రీను: ఆ మైనస్‌ని కూడా పీడబ్ల్యూఎంతో...

పద్మ: మళ్ళీనా! ఆగు, ల్యాబ్ బయట పిల్లలు వచ్చేశారు. తాళం నా దగ్గరే ఉంది.

శ్రీను: వెళ్ళక్కా. నేను ఆపేస్తున్నా.