కోడ్ రాసినాయన వెళ్లిపోయాక

[స్క్రీన్ మీద: నల్లటి విండో, వరసగా ఎర్రర్లు]

నమస్తే. బెంగళూరులో నేను పనిచేసే ల్యాబ్‌లో చేరిన మొదటి వారమే నాకు ఎదురైంది ఇది. మా అనంతపురం వైపు వానల లెక్కలు తీసే ప్రోగ్రాం. ఒక సీనియర్ తన పీహెచ్‌డీ కోసం రాశారు. థీసిస్ అయింది, ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయారు. ప్రోగ్రాం మాత్రం పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్, పైథాన్ 2లోనే ఉండిపోయింది. 2020 జనవరి 1 తర్వాత ఆ వెర్షన్‌ను పట్టించుకునేవాళ్లు లేరు.

దాన్ని కొత్త వెర్షన్ పైథాన్ 3లో నడిపినప్పుడు ఎర్రర్ వస్తే భయం లేదు, కంటికి కనబడుతుంది. నాకు నిద్రపట్టనివ్వనిది వేరే ఉంది.

[స్క్రీన్ మీద: 7 / 2]

పైథాన్ 2లో దీనికి జవాబు 3. రెండూ పూర్ణాంకాలు కాబట్టి పాయింట్ తర్వాతది వదిలేస్తుంది. పైథాన్ 3లో 3.5. ఎర్రర్ రాదు, జవాబు మారిపోతుంది. గ్రాఫ్ ఎప్పటిలాగే చక్కగా వస్తుంది!

ఇది మా ఒక్కరి బాధ కాదు. 2014లో ఒక కెమిస్ట్రీ పేపర్‌తో ఇచ్చిన పైథాన్ స్క్రిప్టుల్ని చాలామంది వాడారు. అవే ఫైళ్లిచ్చినా ఆపరేటింగ్ సిస్టమ్ మారితే జవాబు మారుతోందని 2019లో హవాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు బయటపెట్టారు. ఫోల్డర్‌లోని ఫైళ్లను ఒక్కో సిస్టమ్ ఒక్కో వరసలో అందిస్తుంది. స్క్రిప్టేమో ఆ వరస ఎప్పుడూ ఒకటేనని నమ్ముకుంది. ఫైళ్లను ముందే వరసలో పెట్టుకుని ఉంటే సరిపోయేది.

[స్క్రీన్ మీద: 0.85]

మా కోడ్‌లో వాన కొలతలన్నిటినీ దీనితో గుణించారు. ఎందుకో ఎక్కడా రాయలేదు. ఫోన్ చేశాను.

"అన్నా, ఈ 0.85 ఏంటి?"

"అప్పట్లో సార్ పెట్టమన్నారమ్మా. ఎందుకో గుర్తులేదు."

ఆయన్ని తప్పుపట్టలేను. పేపర్లకు లెక్కుంది, థీసిస్‌కు గడువుంది. కోడ్ పక్కవాళ్లకు అర్థమయ్యేలా రాస్తే అడిగేవాళ్లెవరు? మా ప్రాజెక్టులో సర్వర్‌కి డబ్బుంది, కోడ్ చూసుకునే మనిషికి లేదు. బ్రిటన్‌లో 2012లోనే ఈ పనికి రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అని పేరు పెట్టుకున్నారు. ఇన్ని లక్షల మంది ఇంజినీర్లున్న ఈ ఊళ్లో మా ల్యాబ్‌కి అలాంటివాళ్లు ఒక్కరైనా ఉండాలని గట్టిగా అనిపిస్తుంది.

ప్రస్తుతానికి ఆ పని నేనే చేస్తున్నాను. ఒక్క నెల వాన కొలతల్ని పాత వెర్షన్‌లో, కొత్త వెర్షన్‌లో నడిపి జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. తేడా వచ్చిన ప్రతి లైనూ చదువుతున్నాను. 0.85 పక్కన కామెంట్ చేర్చాను:

[స్క్రీన్ మీద: "కారణం తెలియదు. రాసినాయన్ని అడిగాం, ఆయనకూ గుర్తులేదు. తేలేదాకా ఈ లెక్కను పేపర్‌లో వాడొద్దు."]