లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ గన్‌తోని కేసు ఎట్లయితది?

అందరికీ నమస్తే. మన నల్గొండ దిక్కు బత్తాయి తోటలున్నోళ్లకు కోతుల బాధ కొత్తగ చెప్పే పనిలేదు, పాలమూరు దిక్కు పల్లికాయ చేన్లకు అడవిపందులు కూడా తోడైతయి, ఇగ ఎవరో ఒకరు "ఎయిర్ గన్ కొను, దానికి లైసెన్స్ గిట్ల ఏం వద్దు" అని చెప్తరు. ఆ మాట సగమే నిజం.

(స్క్రీన్ మీద: 20 జౌల్స్, 4.5 ఎంఎం)

2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం మజిల్ ఎనర్జీ అంటే గుండు బయటికొచ్చేటప్పటి శక్తి 20 జౌల్స్ లోపు, బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు 4.5 ఎంఎం అంటే పాయింట్ 177 అంగుళాల లోపు ఉంటేనే లైసెన్స్ అక్కర్లేదు. రెండిట్ల ఏ ఒక్కటి దాటినా కావాల్సిందే. పాయింట్ 22 అంటే 5.5 ఎంఎం, అది ఎంత మెల్లగ కొట్టినా లైసెన్స్ లెక్కలకే వస్తది, ఆన్‌లైన్ల ఎవడో ఏం కాదు అన్నడని తీస్కుంటే ఇరుక్కునేది మీరే.

సరే, 20 జౌల్స్ అంటే తక్కువేనా? పెల్లెట్ అంటే దాంట్ల ఏసే చిన్న సీసం గుండు, దాని బరువు అర గ్రాము అనుకోండి, లెక్క కడితే సెకనుకు దగ్గరదగ్గర 280 మీటర్ల స్పీడ్ వస్తది. చర్మం చీల్చుకొని లోపలికి పోవాలంటే సెకనుకు 100 మీటర్ల స్పీడ్ చాలు, కంటికి అంత కూడా అక్కర్లేదు. మందు పేలదు, పెద్ద సప్పుడు రాదు, అందుకే పోరగాళ్ల చేతికి ఇచ్చేస్తరు, నాకైతే గదే అన్నిటికన్నా భయం.

ఇంకోటి, గాయం చూస్తే చిన్న బొక్క, రక్తం కూడా పెద్దగ రాదు. ఏం కాలేదని ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర పట్టీ ఏపిస్తరు, సీసం గుండు మాత్రం లోపల పేగుల దాక పోయి ఉండొచ్చు. ఛాతి, కడుపు, తల, మెడ, వీటిల్ల ఎక్కడ తగిలినా ఎక్స్‌రే, స్కాన్ ఉన్న దవాఖానకే పోవాలె. కంట్ల తగిలితే నలపొద్దు, నీళ్లు కొట్టొద్దు, గట్టిగ కట్టొద్దు, పేపర్ కప్పు అడ్డం పెట్టి తీస్కపోండి.

(స్క్రీన్ మీద: నెమలి)

ఇప్పుడు అసలు ముచ్చట. గన్‌కు లైసెన్స్ వద్దు అంటే దేన్నైనా కొట్టొచ్చని కాదు. నెమలి 1972 వన్యప్రాణి చట్టంల షెడ్యూల్ 1 ల ఉంది, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న లిస్టు, 2022 సవరణ తర్వాత దాన్ని కొడితే 3 నుంచి 7 ఏండ్ల జైలు, 25 వేలకు తగ్గకుండ జరిమానా. ఎయిర్ గన్‌తో కొట్టిన, నాటు తుపాకీతో కొట్టిన ఒకటే కేసు. మా గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు సార్ అంటే ఫారెస్టోళ్లు ఇనరు. ఇగ అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ల గన్ పట్టుకొని తిరుగుడంటే, ఏం కొట్టకున్నా తప్పే. వీధి కుక్కను, పక్కింటోళ్ల మేకను కొట్టినా జంతు హింస చట్టం ఉంది, అది 1960 నాటిది.

మనిషికి తగిలి ప్రాణం పోతే, కావాలని కొట్టకున్నా సరే, బీఎన్ఎస్ అంటే భారతీయ న్యాయ సంహిత, దాని 106 సెక్షన్ కింద నిర్లక్ష్యానికే 5 ఏండ్ల దాక పడొచ్చు. ఆల్రెడీ ఇంట్ల ఉన్నోళ్లు ముందు డబ్బా మీద, బ్యారెల్ మీద బోర్ ఎంతుందో చూడండి, పెల్లెట్లు ఒక కాడ గన్ ఒక కాడ తాళం ఏసి పెట్టండి, లోడ్ చేసి మాత్రం గోడకు ఆనిచ్చి పోకండి.