నల్లబడిన వెండి రూపాయి: తోమితే ధర ఎందుకు పడిపోతుంది?

[దృశ్యం: నల్ల గుడ్డ మీద 1918లో కొట్టిన రెండు వెండి రూపాయి నాణేలు. ఒకటి తళతళా మెరుస్తోంది. రెండోదానికి అంచున నీలం, లోపలికి వచ్చేకొద్దీ ఊదా, నడిమధ్య తేనె రంగు.]

ఈ రెండూ ఐదో జార్జి బొమ్మున్న రూపాయలే. బరువు ఒకటే, 11.66 గ్రాములు. వెండి పాలు కూడా ఒకటే, 91.7 శాతం. అంటే ఒక్కోదాంట్లో సుమారు 10.7 గ్రాముల అసలు వెండి. ప్రొద్దుటూరు అంగళ్ళలో కరిగించడానికి ఇస్తే రెండింటికీ పైసా తేడా రాదు. నాణేలు సేకరించేవాళ్ళకు చూపిస్తే మాత్రం మెరిసేదాన్ని పక్కన పెట్టేసి, రంగు మారినదాన్ని అందుకుంటారు.

[దృశ్యం: అంగడి. గాజు బల్ల అవతల వ్యాపారి, ఇవతల ఒక పెద్దావిడ.]

"అక్కా, దీన్ని ఎవరు తోమినారు?"

"నేనే నాయనా. పూజలో పెట్టేది, నల్లగా ఉంటే ఏం బాగుంటాదని చింతపండు, విభూది వేసి తోమినా."

"అట్లే తెచ్చింటే బాగుండేది కదక్కా."

ఆ అక్క తప్పేం లేదు. వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెట్టే రూపాయిని తోమకుండా ఉంచే ఇల్లు సీమలో ఎక్కడుంది? కాకపోతే ఆ తోముడులో ఏం పోయిందో తెలియాలంటే ముందు ఆ రంగు ఎక్కడిదో చూడాలి.

[దృశ్యం: రంగు నాణెం అంచు, బాగా దగ్గరగా.]

వెండి గాలిలో ఊరికే తుప్పు పట్టదు. గాలిలో కొద్దిగా ఉండే గంధకపు వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్, వెండితో కలిస్తే సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. గంధకం గాలిలోనుంచే రావాలని లేదు. అట్టపెట్టె, పాత కాగితం, ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండు, ఏదైనా సరే. గాలిలో తేమ ఉంటే పని ఇంకా తొందరగా అవుతుంది.

ఆ పొర మొదట్లో పదుల నానోమీటర్ల మందమే ఉంటుంది. అప్పుడు కనిపించే రంగులు దాని సొంతవి కావు. పొర పైనుంచి తిరిగొచ్చే వెలుగు, కింది వెండి మీద తగిలి తిరిగొచ్చే వెలుగు ఒకదాంతో ఒకటి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని పోతాయి. వాన పడ్డ రోడ్డు మీద డీజిల్ చుక్క పరుచుకున్నప్పుడు కనిపించే రంగులూ ఇట్లాంటివే. పొర మందం పెరిగేకొద్దీ రంగు ఒక వరసలో మారుతుంది: ముందు లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఎరుపు కలిసిన ఊదా, ఆ తర్వాత నీలం. ఇంకా పెరిగితే మళ్ళీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ. చివరికి నలుపు.

ఈ వరస గుర్తు పెట్టుకోండి, దొంగ రంగును పట్టుకోవడానికి ఇదే పనికొస్తుంది.

[దృశ్యం: దీపం కింద నాణేన్ని వేళ్ళ మధ్య అంచుతో పట్టుకుని మెల్లగా తిప్పడం.]

ఇప్పుడు ధర సంగతి. టంకశాలలో అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మధ్యనుంచి అంచు వైపు పరుచుకుంటుంది. అప్పుడు కంటికి ఆనని సన్నటి గీతలు పడతాయి. వాడకంలో అరగని నాణేన్ని దీపం కింద తిప్పితే ఒక వెలుగు పట్టీ గుండ్రంగా తిరిగేది ఆ గీతల వల్లే. సేకరించేవాళ్ళు అసలు డబ్బు పెట్టేది ఈ వెలుగుకే. చింతపండు పులుపు, విభూది రాపిడి కలిస్తే ఆ గీతలు చెరిగిపోతాయి, వాటి మీద కొత్త గీరలు పడతాయి. మెరుపు ఉంటుంది, కానీ నాణెం తిప్పినా వెలుగు కదలదు. ఇదిగో, చూడండి. చచ్చిన మెరుపు.

రంగు పొర చెక్కుచెదరకుండా ఉందంటే, ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ తోమలేదనడానికి అదొక మంచి ఆనవాలు. దానికి అందం కూడా తోడైతే ధర ఇంకా పెరుగుతుంది. అట్లాగని రంగు పడ్డ ప్రతి నాణెమూ బంగారం కాదు. నిజం చెప్పాలంటే ఎక్కువ శాతం నాణేల మీద ఏర్పడేది మట్టి రంగు, మచ్చలు మచ్చలుగా ఉండే గోధుమ రంగు. దానికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు, పైగా తగ్గిస్తారు. పూర్తిగా నల్లబడిపోయిందంటే సల్ఫైడ్ లోపలికి తినేసినట్టే, కింద వెలుగు మిగలదు. నా లెక్క సులువు: రంగు కిందనుంచి ఆ తిరిగే వెలుగు కనిపిస్తే నాణెం నిలబడింది, కనిపించకపోతే లేదు.

[దృశ్యం: పాత అమెరికన్ డాలర్ బొమ్మ.]

రంగుకు డబ్బు పోయడంలో అమెరికా వాళ్ళ తర్వాతే ఎవరైనా. అక్కడ మోర్గన్ డాలర్లని 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో కొట్టారు. వాటిని గుడ్డ సంచుల్లో వెయ్యేసి చొప్పున కట్టి ఖజానాల్లో దశాబ్దాల పాటు పడేశారు. సంచికి ఆనుకున్న వైపు ఇంద్రధనుస్సు పట్టింది, కొన్నిటి మీద గుడ్డ నేత అచ్చు కూడా పడింది. పక్క నాణెం కప్పిన చోట నెలవంకలా తెల్లగా మిగిలింది. అట్లాంటివి అదే ఏడాది, అదే గ్రేడు (నాణెం ఎంత బాగా మిగిలిందో చెప్పే కొలత) ఉన్న, రంగు పట్టని తెల్ల డాలరుకు ఎన్నో రెట్లు పలుకుతాయి.

మన 1918 రూపాయికి ఈ డాలర్లతో చుట్టరికం కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియాలో వెండికి కరువొస్తే, అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. అందులో సింహభాగం బ్రిటన్ కొని రూపాయలు కొట్టడానికి ఇటు పంపింది. మీ పూజగదిలో ఉన్నది ఒకప్పుడు డాలరేమో, ఎవరికి తెలుసు!

[దృశ్యం: గీసిన బొమ్మలో సహజ రంగు, దొంగ రంగు పక్కపక్కన.]

డబ్బున్న చోట దొంగలుంటారు. గంధకపు రసాయనాలు పూసి, వేడి చేసి గంటల్లో రంగు తెప్పించేవాళ్ళున్నారు. అట్లాంటిది చూస్తే ఇందాకటి వరస తప్పి ఉంటుంది. తెల్లటి వెండి పక్కనే, మధ్యలో పసుపు గానీ తేనె రంగు గానీ లేకుండా, ఒక్కసారిగా ముదురు నీలం. అక్షరాల సందుల్లో రంగు మడుగు కట్టినట్టు ఉంటుంది. సహజమైనదైతే అక్షరాలను ఆనుకుని చాలాసార్లు లేత అంచు మిగులుతుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ కంపెనీలు రంగు మీద అనుమానం వస్తే మామూలు నంబరు గ్రేడు ఇవ్వవు.

[దృశ్యం: బల్ల మీద అసిటోన్ సీసా, మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవర్లు, గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్.]

మరి జిడ్డు పట్టి ఉంటే? స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు వేసి, రుద్దకుండా ఆరనివ్వండి. జిడ్డు పోతుంది, సల్ఫైడ్ రంగు అట్లే ఉంటుంది. మంట దగ్గర మాత్రం వద్దు, భగ్గుమంటుంది. గోళ్ళ రంగు తుడిచేది దీనికి బదులు కాదు. అల్యూమినియం రేకు, వంట సోడా చిట్కా రంగును తీసేస్తుంది నిజమే, కానీ కింద పేలవమైన వెండి మిగులుతుంది. దాచడానికి మైలార్ కవరు గానీ క్యాప్సూల్ గానీ వాడండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్ళకు వాటినుంచి పచ్చటి జిగురు దిగుతుంది.

ఇక ఆ అక్క రూపాయి. తోమినా మళ్ళీ రంగు పడుతుంది, కానీ గీరలు ఆ రంగు కింద అట్లే ఉంటాయి. కాబట్టి వెండి ధరకు కాస్త అటూ ఇటూగానే పోతుంది. పూజలో పెట్టుకోవడానికి మాత్రం ఏ లోటూ లేదు.

కొనేవాళ్ళకు ఒక మాట: ఆన్‌లైన్‌లో ఫొటో చూసి డబ్బు కట్టకండి. రంగులు పెంచడం ఫోన్లో రెండు సెకన్ల పని. దీపం కింద నాణేన్ని రెండు వైపులా తిప్పుతూ తీసిన వీడియో అడగండి, పంపకపోతే వదిలేయండి.