కరిగిన అల్యూమినియంలో అల్ట్రాసోనిక్: కొన కంపిస్తే సరిపోదు

[దృశ్యం: వానలో గాజులమండ్యం పారిశ్రామికవాడ, కొలిమి దగ్గర ఇంగాట్లు]

తిరుపతి వైపు కార్తీకంలో వానలు దంచుతాయి. అల్యూమినియం పోతల్లో పిన్‌హోల్స్ (సన్నని గాలి రంధ్రాలు) పెరిగేదీ అప్పుడే. గాలిలో, ఇంగాట్ల మీద ఉన్న తేమ నుంచి హైడ్రోజన్ కరిగిన లోహంలోకి దూరుతుంది. గట్టిపడేటప్పుడు లోహం దాన్ని పట్టి ఉంచలేక బుడగలుగా వదిలేస్తుంది.

[దృశ్యం: ట్రాన్స్‌డ్యూసర్, బూస్టర్, సోనోట్రోడ్]

ఆ హైడ్రోజన్‌ను తీయడానికి ఒక దారి అల్ట్రాసోనిక్, అంటే చెవికి వినపడని కంపనం. సాధారణంగా 20 కిలోహెర్ట్జ్ దగ్గర నడుపుతారు. ట్రాన్స్‌డ్యూసర్ విద్యుత్తును కంపనంగా మారుస్తుంది, బూస్టర్ దాన్ని పెంచుతుంది, సోనోట్రోడ్ అనే కడ్డీ దాన్ని లోహంలోకి పంపుతుంది. సోనోట్రోడ్ కొన కదిలేది కొన్ని పదుల మైక్రాన్లే. కొన వెనక్కి లాగినప్పుడు ద్రవంలో బుడగలు పుడతాయి, ముందుకు నెట్టినప్పుడు చాలావరకు పేలతాయి. దీన్నే కావిటేషన్ అంటారు. పనంతా దీనిదే. కంపనం చాలకపోతే కావిటేషన్ పుట్టదు, లోహం ఊరికే కదులుతుంది.

హైడ్రోజన్ పేలకుండా మిగిలిన బుడగల్లోకి చేరి పైకి తేలిపోతుంది. బుడగ పేలిన ఒత్తిడికి ఆక్సైడ్ రేణువుల సందుల్లోకి కూడా లోహం చొరబడుతుంది. అంతవరకు పనికిరాకుండా పడున్న రేణువు గ్రెయిన్ (గట్టిపడే లోహంలోని స్ఫటికం) పుట్టడానికి కేంద్రమవుతుంది. ముద్దకట్టిన రేణువులు విడిపోతాయి. సిలికాన్ 12.6 శాతం దాటిన పిస్టన్ మిశ్రమాల్లో పెద్ద సిలికాన్ పలుకులు చిన్నవవుతాయి.

[దృశ్యం: థర్మోకపుల్, మూసలోకి దిగుతున్న కొన]

ఎల్‌ఎం25 లాంటి అల్యూమినియం పోత మిశ్రమం 615 డిగ్రీల దగ్గర గట్టిపడటం మొదలుపెడుతుంది. గ్రెయిన్ సన్నబడాలంటే అంతకు కొన్ని పదుల డిగ్రీలు పైన నడపండి. గ్యాస్ తీయడమే పనైతే 700 దాకా మేలు, చల్లని లోహంలో బుడగలు త్వరగా తేలవు.

కొనను ముందే వేడి చేయాలి. చల్లగా దించితే లోహం దాని మీదే పేరుకుంటుంది. తేమ ఉంటే లోహం చిమ్ముతుంది, ఇందులో రాజీ వద్దు. 10 నుంచి 20 మిల్లీమీటర్లు ముంచితే చాలు. వేడెక్కిన సోనోట్రోడ్‌లో ధ్వని వేగం తగ్గి రెజొనెన్స్ (అది బాగా కంపించే ఫ్రీక్వెన్సీ) జారుతుంది, కంపనానికి విద్యుత్ ఇచ్చే జనరేటర్ దాన్ని వెంటాడాలి.

టైటానియం కొన చవక, కానీ అల్యూమినియంలో అరిగి కరిగిపోతుంది. నియోబియం చాలా కాలం నిలుస్తుంది. అయితే వేడి మీద గాలిలో వదిలేస్తే ఆక్సైడ్ పొరలై రాలుతుంది.

కావిటేషన్ కొన చుట్టూ కొన్ని సెంటీమీటర్లకే పరిమితం. అందుకే చిన్న మూసలో కొన్ని నిమిషాల్లో అయ్యే పని పెద్ద కొలిమిలో జరగదు. అక్కడ లోహమే కొన కిందుగా పారాలి.

[దృశ్యం: వ్యాక్యూమ్‌లో గట్టిపడుతున్న నమూనా]

అల్ట్రాసోనిక్ ఇవ్వకముందూ ఇచ్చాకా రెండేసి నమూనాలు తీసి, ఒకటి మామూలుగా, ఒకటి వ్యాక్యూమ్‌లో గట్టిపరచి సాంద్రత పోల్చండి. తేడా తగ్గితే వెంటనే పోయండి. వానగాలిలో ఆగితే హైడ్రోజన్ మళ్లీ చేరుతుంది.